గెజిట్‌కి పంపే ముందు

చిరంజీవి సుబ్బారావుకు మీ పెద్దత్త ఆశీర్వదించి రాయునది.

మొన్న మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు పేరు మార్చుకోవాలనుకుంటున్నావనీ, నోటరీ దగ్గర అఫిడవిట్ కూడా రాయించి పెట్టుకున్నావనీ చెప్పాడు. వాడు కోప్పడలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయాడు, అంతే. నాకూ నీ మీద కోపం లేదు. నీ పేరు నీది. పుట్టినప్పుడు నిన్నడిగి పెట్టలేదు కాబట్టి, పెద్దయ్యాక అది వద్దనుకునే హక్కు నీకుంది. కాకపోతే దేన్ని వదిలేస్తున్నావో పూర్తిగా తెలిసి వదిలెయ్యాలి. నీకా సంగతులు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నేను చెబుతాను. ఉత్తరం పెద్దదవుతుంది, ఆదివారం తీరిగ్గా చదువుకో.

ఆఫీసులో నిన్ను ‘సబ్బు’ అంటున్నారట. కాలేజీలో సినిమా డైలాగులు చెప్పి ఏడిపించేవారట. కంపెనీ నిన్ను అమెరికా పంపేలా ఉందనీ, అక్కడ ఈ పేరుతో ఇంకా ఇబ్బంది పడతాననీ అన్నావట. నీ బాధ నాకు అర్థమవుతోంది నాయనా. రోజూ పదిసార్లు వినే పేరు పదిసార్లూ గుచ్చుకుంటుంటే ఎవరికైనా విసుగు పుడుతుంది. ఆ బాధ చిన్నదని నేను అనను.

ముందు పేరు సంగతి చూద్దాం. సుబ్బారావంటే సుబ్రహ్మణ్యేశ్వరుడే. సుబ్రహ్మణ్య అన్న మాట వేదకాలపు యజ్ఞశాలలోనూ ఉంది. సోమయాగానికి పదహారుమంది ఋత్విక్కులు కావాలి. సామగానం చేసే ఉద్గాతకు ముగ్గురు సహాయకులుంటారు: ప్రస్తోత, ప్రతిహర్త, సుబ్రహ్మణ్యుడు. యాగానికి రమ్మని ఇంద్రుణ్ణి పేరు పెట్టి పిలవడం ఈ సుబ్రహ్మణ్యుడి పని. బ్రహ్మమంటే వేదం, జ్ఞానం; దాన్ని చక్కగా కాపాడేవాడు సుబ్రహ్మణ్యుడు. తండ్రికే ప్రణవార్థం చెప్పిన కుమారస్వామికి ఈ పేరు అతికినట్టు సరిపోయింది.

తమిళదేశంలో ఆయన మురుగన్. చేతిలో వేలాయుధం, పక్కన నెమలి. మన దగ్గరకీ, అటు కన్నడదేశంలో కుక్కే సుబ్రహ్మణ్యానికీ వచ్చేసరికి ఆయన నాగస్వామి. మన కృష్ణా తీరాన దివిసీమలోని మోపిదేవిలో శివలింగానికి పానవట్టం పాము చుట్టలే. పిల్లలు లేనివాళ్ళూ, పుట్టిన పిల్లలు దక్కనివాళ్ళూ ఈనాటికీ అక్కడికి వెళ్తారు. చెవులు కుట్టించడం, అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు ఆ గుడి దగ్గరే చేయించుకుంటారు. మార్గశిర శుద్ధ షష్ఠి ఆయన పండుగ. మన గోదావరి జిల్లాల్లో దాన్ని ‘సుబ్బారాయుడి షష్ఠి’ అంటాం. అత్తిలి తీర్థానికి నిన్ను చిన్నప్పుడు భుజాలమీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడు మీ నాన్న. నీకు గుర్తుందో లేదో. ఆ షష్ఠి సార్వా కోతల రోజుల్లో వస్తుంది. కోసిన పనల కింద ఎలుకలు, ఎలుకల వెంట పాములు. వంగి కొడవలి పట్టిన మనిషికి పాము మీద భయం, భక్తి విడివిడిగా ఉండవు. ‘సుబ్బారాయుడు కనపడ్డాడు’ అని గట్టు మీద ఆగి దండం పెట్టుకునేవాళ్ళను నా కళ్ళతో చూశాను. మన సుబ్బారాయుడు అలా పొలంలో ఉన్న దేవుడు.

సుబ్రహ్మణ్యేశ్వరుడని పూర్తిగా పలకడం నాగలి పట్టిన నోటికి కష్టం. మధ్యలో ఉన్న బరువు జారిపోయి ‘సుబ్బ’ మిగిలింది. దాని వెనక ఎవరికి వాళ్ళు తమ తోక తగిలించుకున్నారు. సుబ్బారావు, సుబ్బారెడ్డి, సుబ్బరాజు, సుబ్బానాయుడు, సుబ్బిశెట్టి, సుబ్బాచారి, సుబ్బయ్య, సుబ్బన్న. ఆడపిల్లలకి సుబ్బమ్మ, సుబ్బాయమ్మ, సుబ్బలక్ష్మి, సుబ్బరత్నం. మన ఊళ్ళో ఏ వీధికి వెళ్ళి ‘సుబ్బా’ అని పిలిచినా ఒకరు పలికేవారు. ఇలా అన్ని వీధుల్లోనూ ఉన్న పేర్లు మనకి చాలా తక్కువ. అయితే దీనిలో మంచితో పాటు చెడూ ఉంది, అదీ చెప్పాలి. భూమి ఉన్నాయన సుబ్బారావుగారు, ఆయన పొలంలో పాలేరు సుబ్బడు. ఆయన భార్య సుబ్బమ్మగారు, ఇంట్లో అంట్లు తోమే మనిషి సుబ్బి. దేవుడు ఒక్కడే, మర్యాద మాత్రం మనిషిని బట్టి కొలిచారు. నిన్ను ఏడిపించేవాళ్ళ నోట్లో ఉన్నది ఆ రెండో సగమే. వాళ్ళకి సుబ్బిగాడంటే పల్లెటూరివాడు, తెలివి తక్కువవాడు, పనివాడు. నీ పేరు చూసి నవ్వే నవ్వులో ఒళ్ళొంచి పని చేసే మనిషి మీద చిన్నచూపు ఉంది. అందుకే ఆ నవ్వుకి నువ్వు లొంగిపోవడం నాకు ఇష్టం లేదు.

ఇక మన ఇంట్లోకి ఈ పేరు ఎలా వచ్చిందో చెబుతాను. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు.

మా మామ్మ, అంటే నీకు తాతమ్మ, మా నాన్నకన్నా ముందు ఇద్దరు పిల్లల్ని కన్నది. ఒక పిల్ల పురిటిలోనే పోయింది. మగపిల్లవాడు పాకడం నేర్చాక జ్వరం తగిలి పోయాడు. ఆ రోజుల్లో ఇది ఒక్క మన ఇంటి గోడు కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన దేశంలో పుట్టిన ప్రతి అయిదుగురిలో ఒకరు ఏడాది నిండకుండానే పోయేవారు. ఇవాళ ఆ లెక్క వెయ్యికి ముప్పై లోపుకి దిగింది. అప్పట్లో డాక్టరు ఎక్కడో పట్నంలో ఉండేవాడు. మందన్నది దాదాపు లేదు. తల్లి చేతిలో మిగిలింది మొక్కు ఒక్కటే.

ఆ మొక్కు ఎలా ఉండేదో మామ్మ నాకు చాలాసార్లు చెప్పింది. షష్ఠి నాడు తెల్లవారుజామున చెరువులో మునిగి, తడిబట్టలతోనే చెరువుగట్టు మీది పుట్ట దగ్గరికి వెళ్ళిందట. చిన్న ఇత్తడి చెంబులో ఆవుపాలు. మోదుగాకు దొన్నెలో చలిమిడి, నువ్వుల చిమ్మిలి. చలికి చేతులు వణుకుతుంటే పాలు పుట్ట కలుగులో పడక పక్కకి కారిపోయాయట. అపశకునమని భయపడి, పోసిన పాలు కాక చెంబు అడుగున ఉన్న నాలుగు చుక్కలు వేలితో తీసి కలుగు నోటికి రాసిందట. రాసి, ‘ఈసారి బిడ్డను నిలబెట్టు స్వామీ, నీ పేరే పెట్టుకుంటాను, నీ పేరుతోనే పిలుస్తాను’ అని మొక్కుకుంది. ఆ తరవాత పుట్టినవాడు మా నాన్న, అంటే నీ పేరు వచ్చిన మీ తాతయ్య. బతికాడు. ఎనభై దాటేదాకా బతికాడు. మామ్మ మాత్రం తన కొడుకుని ‘ఒరేయ్’ అని పిలవగా నేను వినలేదు. ఎప్పుడూ ‘సుబ్బారాయుడూ’ అనే పిలిచేది. పిలిచిన ప్రతిసారీ ఆమె అప్పు తీర్చుకుంటోందని నాకు చాలా పెద్దయ్యాక గాని తెలియలేదు.

ఇలాంటి పేర్లు ఇంకా ఉన్నాయి. పిల్లలు దక్కని ఇంట పుట్టిన బిడ్డను ఎంగిలి విస్తళ్ళలో పొర్లించి పుల్లయ్య అనీ, పెంటమీద పడుకోబెట్టి పెంటయ్య అనీ పేరు పెట్టేవారు. మృత్యువు ఇంత పనికిరానివాణ్ణి ఎందుకు తీసుకుపోతుందిలే అని తల్లుల ఆశ. తెలంగాణలో యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకుని పుట్టినవాడు యాదగిరి. కొమురవెల్లి మల్లన్న ఇచ్చినవాడు కొమురయ్య. వేములవాడ రాజన్న దయ వల్ల రాజయ్య. నీ ఆఫీసులో నీలాగే నవ్వులపాలయ్యే యాదగిరి ఎవరైనా ఉంటే, అతని నాయనమ్మనో అమ్మమ్మనో అడగమను. ఆ పేరు వెనక కూడా ఇలాంటి కథ ఒకటి తప్పకుండా ఉంటుంది.

సరే, అమెరికాలో ఈ పేరు చెల్లదేమో అని కదా నీ దిగులు. 1920ల మొదట్లో ఓడెక్కి బోస్టన్‌లో దిగిన ఒక భీమవరం మనిషి సంగతి విను. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో పుట్టాడు. మద్రాసులో వైద్యం చదివే రోజుల్లో ఖద్దరు కట్టాడని అధ్యాపకుడికి కోపం వచ్చి పూర్తి డిగ్రీ దక్కకుండా పోయింది. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తనకీ అదే జబ్బు వచ్చి, ఆయుర్వేదంతో బయటపడ్డాడు. అమెరికాలో బతుకుతెరువుకి ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డులో చదివాడు. 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి, రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టాడు. దాన్ని ఇవాళ్టికీ జీవరసాయనం చదివే పిల్లలు ‘ఫిస్కే-సుబ్బారావు పద్ధతి’ అనే చదువుతారు. ఇంగ్లీషు స్పెల్లింగు చివర కొంచెం మార్చి రాసుకున్నాడు గాని, పేరు వదల్లేదు. తరవాత లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధన అధిపతి అయ్యాడు. ఆయన నడిపించిన బృందమే ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఆయన చేయించిన మందులతోనే సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు చిన్నపిల్లల రక్తకాన్సర్‌కి తొలిసారి గట్టిగా ఎదురు నిలిచాడు. ఆ దారిలోనే వచ్చిన మెథోట్రెక్సేట్ ఇవాళ కూడా వాడుతున్నారు. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ ఆయన పర్యవేక్షణలోనే బయటికి వచ్చింది. 1948లో, యాభై మూడేళ్ళకే, న్యూయార్కులో పోయాడు. ఒక జాతి శిలీంధ్రానికి ఆయన పేరు కలిసొచ్చేలా ‘సుబ్బరోమైసిస్’ అని పేరు పెట్టారు శాస్త్రవేత్తలు.

ఇది చదివినప్పుడల్లా నా మనసు ఒక్కచోటే ఆగుతుంది. మా మామ్మ బిడ్డ దక్కాలని సుబ్బారాయుడికి పాలు పోసింది. ఇవాళ మన ఊళ్ళో కడుపుతో ఉన్న ప్రతి ఆడపిల్లకీ ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఐరన్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తోంది. తల్లికి రక్తం పట్టాలని, బిడ్డ వెన్ను సరిగా ఏర్పడాలని. ఆ మాత్ర వెనక ఉన్నవాడి పేరు సుబ్బారావు. ఇది మొక్కు తీరడమో కాదో నేను వాదించను. ఈ పేరు నవ్వు పుట్టించేదని ఎవరన్నా అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఆయన ఒక్కడే కాదు. న్యాయం చదివినవాళ్ళకి కోకా సుబ్బారావు తెలుసు. రాజమండ్రి మనిషి, 1966లో దేశానికి ప్రధాన న్యాయమూర్తి. ప్రజల ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు కూడా తగ్గించలేదని 1967లో గోలక్‌నాథ్ కేసులో తీర్పిచ్చాడు. ఆ ఏడాదే పదవి వదిలి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి నిలబడి ఓడిపోయాడు. తెలుగు కవిత్వంలో కొత్తగాలి రాయప్రోలు సుబ్బారావుతో వచ్చింది. మూగ మనసులు, సుడిగుండాలు తీసిన ఆదుర్తి సుబ్బారావు. కృష్ణను తేనె మనసులుతో తెరకి హీరోగా తెచ్చింది కూడా ఆయనే. మన తెలుగు ఎంత తియ్యగా ఉంటుందో చూపించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి. కోట్లమంది ఇంట్లో మనిషైపోయిన బాలసుబ్రహ్మణ్యం. ఆడవాళ్ళలో, సంగీతానికి తొలిసారి భారతరత్న తెచ్చిన సుబ్బులక్ష్మి తమిళ పిల్ల అయినా పేరు ఇదే. సారాకి వ్యతిరేకంగా, ఆడవాళ్ళ హక్కుల కోసం జీవితమంతా పోరాడిన మల్లాది సుబ్బమ్మ మన గుంటూరు జిల్లా మనిషి.

‘ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చింది’ అన్న సామెతలో ఎంకీ, సుబ్బీ ఇద్దరూ ఉన్నారు చూశావా. రెండూ పల్లె ఆడవాళ్ళ పేర్లే, రెండిటినీ సమానంగా మోటు పేర్లుగానే చూశారు. నండూరి వెంకట సుబ్బారావు ఎంకి పాటలు రాశాక ఎంకి అంటే తెలుగువాళ్ళ కళ్ళల్లో వెన్నెల కాసింది. చదువుకున్నవాళ్ళు కూడా ఆ పేరుని ముద్దుగా పలికారు. సుబ్బిని అలా పైకి తెచ్చిన కవి రాలేదు. పేరుకి గౌరవం గాలిలోంచి రాదు. ఎవరో ఒకరు దాన్ని ప్రేమగా పలకాలి.

మరి ఇంత పేరు ఎలా పడిపోయింది? నేను దాన్ని హాజరుపట్టీలోంచే చూశాను. టీచరు ఉద్యోగంలో చేరిన కొత్తలో నా తరగతిలో ముగ్గురు నలుగురు సుబ్బారావులుండేవారు. ఇంటిపేరు అక్షరంతో పిలిస్తే కూడా తేడా తెలిసేది కాదు. పిల్లలే ‘గట్టు సుబ్బారావు’, ‘చెరువు సుబ్బారావు’ అని గుర్తుపెట్టుకునేవాళ్ళు. అప్పటికే కొన్ని ఇళ్ళల్లో స్వాతంత్ర్యపోరాటం నాటి పేర్లు పాతుకుపోయి ఉన్నాయి: గాంధీ, జవహర్‌లాల్, సుభాష్ చంద్రబోస్. బెంగాలీ నవలల అనువాదాలు చదివిన తల్లిదండ్రులు పిల్లలకి శరత్ అని పెట్టుకున్నారు. ఎర్రజెండా పట్టిన ఇంట లెనిన్, స్టాలిన్ కూడా నా చేత పాఠం చెప్పించుకున్నారు. తరవాత ఒక్కసారిగా సురేష్, రమేష్, శ్రీనివాస్, ప్రసాద్‌ల వరద వచ్చింది. ఆ వరదలో సుబ్బారావు ముందు ‘వెంకట’ వెనక్కి, ఆ తరవాత పొడి అక్షరాల్లోకి కుంచించుకుపోయాడు. ‘వి.ఎస్.’ అంటే ఏమిట్రా అని అడిగితే తల దించుకుని ‘వెంకట సుబ్బారావు టీచర్’ అని గొణిగిన పిల్లలు నాకు గుర్తున్నారు. ఆపైన సాయిలు, తేజలు. నేను రిటైరయ్యే నాటికి పిల్లల పేర్లు పలకడానికి నాకే ఒక రిహార్సలు కావాల్సివచ్చింది. ఆ పేర్లూ మంచివే. ఆ పిల్లల్ని కూడా నేను అంతే ప్రేమించాను.

ఈ మార్పుకి ఒక మంచి కారణం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. పిల్లలు బతుకుతున్నారు. తల్లులు పుట్ట దగ్గర వణకనవసరం లేదు. మొక్కు లేనప్పుడు మొక్కు పేరు తగ్గుతుంది. అది మనం సంతోషించాల్సిన సంగతి. ఇంకో కారణం అంత మంచిది కాదు. మన సినిమాల్లో నవ్వించే పాత్రకి, పల్లె అమాయకుడికి, ఇంట్లో నౌకరుకి ఏళ్ళ తరబడి సుబ్బారావు, అప్పారావు, సుబ్బలక్ష్మి పేర్లే పెట్టారు. హీరోకి విజయ్, రాజా. చూసి చూసి తల్లిదండ్రులు తమ పిల్లల్ని హీరోల పక్కన నిలబెట్టుకున్నారు. అదీ సహజమే. కానీ ఆ నవ్వు పడ్డ పేరు వెనక ఒక తల్లి కన్నీళ్ళున్నాయని రాసినవాళ్ళకి గుర్తు రాకపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించు. మా బడిలో సుబ్బారావులు పోయారు గాని సుబ్రహ్మణ్యేశ్వరుడు పోలేదు. ఇప్పుడు చిన్న తరగతుల్లో కార్తికేయ ఉన్నాడు, షణ్ముఖ్ ఉన్నాడు, స్కంద ఉన్నాడు. కృత్తికలు పాలిచ్చి పెంచినవాడు కార్తికేయుడు, ఆరు ముఖాలతో ఆ ఆరుగురి దగ్గరా పాలు తాగినవాడు షణ్ముఖుడు. ఆ స్వామే మన సుబ్బారాయుడు. మీ నాన్న చెప్పాడు, నువ్వు మార్చుకోవాలనుకున్న పేరూ కార్తికేయ అని. అది విని నాకు సంతోషం, దిగులు రెండూ కలిగాయి. అదే దేవుణ్ణి నువ్వు పుస్తకంలోంచి తెచ్చుకుంటున్నావు. మా మామ్మ ఆయన్ని చెరువుగట్టు మీదినుంచి తెచ్చుకుంది. నీకు రేపు కొడుకు పుడితే కార్తికేయ అని పెట్టుకో, నేనే వచ్చి బియ్యంలో రాయిస్తాను. నీ పేరు మాత్రం ఇంకోసారి ఆలోచించు.

నువ్వు ఎందుకింత త్వరగా ఈ పేరుకి దూరమయ్యావో నాకు తెలుసు. ఇంట్లో నిన్ను ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. మీ అమ్మకి అది మామగారి పేరు. ఆ తరం కోడళ్ళు మామగారి పేరు నోటితో అనరు. మీ మామ్మకి భర్త పేరు, ఆమె ప్రాణం పోయినా పలకదు. మీ నాన్న నిన్ను గద్దిస్తూ తండ్రి పేరెత్తలేడు. అందుకని ఇంట్లో నువ్వు చిన్నీ అయ్యావు. ఊళ్ళో వాళ్ళు నిన్ను ‘తాతబాబు’ అన్నారు. మర్యాద కోసమే అందరూ నోరు మూసుకున్నారు గాని, దానివల్ల ఒక అన్యాయం జరిగింది. మీ తాతయ్య తన పేరుని రోజూ తల్లి నోట ప్రేమగా విన్నాడు. నువ్వు దాన్ని మొదటిసారి బడిలో, హాజరులో, పక్క బెంచీవాడి వెటకారంలో విన్నావు. ప్రేమగా ఒక్కసారి కూడా వినని పేరుని ప్రేమించమంటే ఎవరివల్ల అవుతుంది? అందుకే ఈ ఉత్తరంలో మొదటి మాటే నీ పేరు పెట్టి రాశాను. ఇకనుంచి నేను నిన్ను చిన్నీ అనను. మీ అమ్మతో కూడా చెప్పాను. ‘మామగారి పేరేమిటి వదినా, నా కొడుకు పేరు కదా’ అని ఆమే అన్నది. ఆమె పిలిస్తే విను.

ఇప్పుడు పని మాటలు. బడిలో పదో తరగతి నామినల్ రోల్స్ పంపే రోజుల్లో పేర్లు మార్చమని వచ్చే తల్లిదండ్రులతో నేను చాలా వేగాను. సంఖ్యాశాస్త్రం చెప్పిందని ఒక అక్షరం చేర్చమనేవాళ్ళు, కులం తోక తీసెయ్యమనేవాళ్ళు. అప్పుడైతే ఒక్క కాగితంతో పోయేది. ఇప్పుడు నీ సంగతి అలా కాదు. అఫిడవిట్ అయ్యాక పేపరు ప్రకటన, గెజిట్. ఆ తరవాత ఆధార్, పాన్, బ్యాంకు, పీఎఫ్, పాస్‌పోర్టు అన్నీ ఒక్కొక్కటిగా దిద్దించాలి. ఎస్సెస్సీ మార్కుల జాబితాలో, డిగ్రీలో పాత పేరే ఉంటుంది. వీసా దగ్గర, ఉద్యోగం మారిన ప్రతిచోటా ఆ గెజిట్ కాపీ పక్కన పెట్టి, నేనే ఆ సుబ్బారావునని మళ్ళీ మళ్ళీ చెప్పుకోవాలి. అమెరికా ప్రయాణం ముందుందంటే ఇప్పుడు ఆ తంటా పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇది సెంటిమెంటు కాదు, అనుభవం.

ఆఫీసు సంగతికి వేరే దారి ఉంది. ఎవరైనా ‘సబ్బు’ అంటే నవ్వి ఊరుకోకు, పోట్లాడకు కూడా. ‘నా పేరు సుబ్బారావు’ అని ఒక్కసారి నిదానంగా, పూర్తిగా పలికి చెప్పు. రెండోసారి అంటే రెండోసారీ చెప్పు. అంత చాలు. చాలామంది ఆగిపోతారు, ఆగనివాడితో నీకు పనే లేదు. పలకడానికి కష్టపడే అమెరికావాడి కోసం ‘సుబ్బ’ అని చిన్నది చేసుకున్నా తప్పులేదు, అది మన పూర్వులే చేసిన పని. కానీ నీ మెయిల్ కింద, నీ రాతకోతల్లో పూర్తి పేరు ఉంచు. నీకు యల్లాప్రగడ జీవితం మీద ఒక పుస్తకం పార్సెల్ చేస్తున్నాను. వారంలో నీకు చేరుతుంది.

ఇంత చెప్పాక కూడా నీ మనసు ఒప్పుకోకపోతే మార్చుకో. అప్పుడు మీ నాన్నతో నేను మాట్లాడతాను, వాడు బాధపడకుండా చూస్తాను. కాకపోతే కాగితాలు గెజిట్‌కి పంపే ముందు ఒకసారి షష్ఠికి ఊరు రా. ఈ ఏడు మీ నాన్న కోతలు ఆలస్యమవుతాయి కాబట్టి పొలంలో అందరూ ఉంటారు. మన గట్టు మీది పుట్ట దగ్గరికి మీ అమ్మ కూడా వస్తానంది. చలిమిడి నేను చేసి తెస్తాను. సెలవు దొరికేదీ లేనిదీ ముందుగా ఫోన్ చేసి చెప్పు. రైల్వే టికెట్లు ఆ వారం దొరకవు, ఇప్పుడే బుక్ చేసుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దత్త